మోడల్ నంబర్ మారింది, మెషిన్ మారిందా?

సమన్వయకర్త: నమస్కారం. ఏడాది తిరక్కుండానే ల్యాప్‌టాప్‌లు, మినీ పీసీల్లో కొత్త మోడళ్లు వచ్చేస్తుంటాయి. చూస్తే బాడీ అదే, కీబోర్డ్ అదే. లోపల ప్రాసెసర్ ఒక మెట్టు పైకి వెళ్లి ఉంటుంది, లేదా ర్యామ్ కాస్త పెరిగి ఉంటుంది. తక్కువ ధర మెషిన్లలో వచ్చే ఇలాంటి చిన్న అప్‌డేట్లకు ఎంత విలువ ఇవ్వాలి? మాట్లాడటానికి ముగ్గురు వచ్చారు. ల్యాప్‌టాప్‌లు పరీక్షించి సమీక్షలు రాసే మేడమ్, రోజూ వాటిని విప్పి బాగుచేసే సర్వీస్ ఇంజినీర్, కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే సర్. మేడమ్, కొత్త మోడల్ చేతికొస్తే ముందు ఏం చూస్తారు?

సమీక్షకురాలు: ప్రాసెసర్ పేరైతే కాదండీ. కొన్నాక మార్చుకోలేని భాగాలు చూస్తాను. స్క్రీన్, పోర్టులు, బోర్డు మీద సోల్డర్ చేసేసిన, అంటే ఊడదీయలేకుండా అతికించేసిన ర్యామ్. వీటిలో ఏ ఒక్కటి మెరుగైనా అది నా దృష్టిలో మంచి అప్‌డేటే. ఇవన్నీ పాతవే ఉంచి ప్రాసెసర్ క్లాక్ స్పీడ్ ఒక్కటే పెంచితే, బ్రౌజర్‌తో, డాక్యుమెంట్లతో పని చేసుకునే మనిషికి ఆ తేడా కంటికి ఆనదు.

సమన్వయకర్త: పేరు కొత్తదైతే చిప్ కూడా కొత్తదనే కదండీ అందరూ అనుకుంటారు?

సమీక్షకురాలు: అక్కడే జనం మోసపోతున్నారు. ఏఎండీ రైజెన్ 5 7520యూ, 7530యూ తీసుకోండి. వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. జెన్ అంటే ఏఎండీ కోర్ల డిజైన్ పేరు, కోర్ అంటే చిప్‌లో పని చేసే భాగం. మొదటి దాంట్లో జెన్ 2 రకం కోర్లు నాలుగు, రెండో దాంట్లో జెన్ 3 రకం కోర్లు ఆరు. ఆ నంబర్‌లో మూడో అంకె చూస్తేనే ఏ తరమో తెలుస్తుంది. ఈ సంగతి బాక్స్ మీద చూసి కొనేవాళ్లకు ఎవరు చెబుతారు? ఇంటెల్‌దీ అదే తీరు. కోర్ ఐ5-1335యూ తర్వాత 2024లో కోర్ 5 120యూ వచ్చింది. పేరు మొత్తం మారిపోయింది. లోపల మాత్రం అవే పది కోర్లు, రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. గరిష్ఠ వేగం 4.6 గిగాహెర్ట్జ్ నుంచి 5 గిగాహెర్ట్జ్‌కు వెళ్లింది. అది కూడా కాసేపే అందే వేగం.

ల్యాబ్ నిర్వాహకుడు: మేడమ్, ఒక్క నిమిషం. అలాగని ప్రాసెసర్‌ను పట్టించుకోనక్కర్లేదంటే నేను ఒప్పుకోను. మా ల్యాబ్‌కు కొన్న మెషిన్ ఏళ్ల తరబడి పనిచేయాలి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ రోజు దగ్గరపడుతుంటే చాలా ల్యాబ్‌లలో టెన్షన్. మెషిన్లు బాగానే నడుస్తున్నాయి, కానీ ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లు దాదాపు అన్నీ విండోస్ 11కు పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో లేవు. అప్పట్లో ఏడో తరం బదులు ఎనిమిదో తరం తీసుకున్నవాళ్లు గట్టెక్కారు. ఆ రెండు తరాల మధ్య తేడా వేగంలో మాత్రమే కాదు, మెషిన్ ఆయుష్షులో కూడా వచ్చింది.

సమీక్షకురాలు: అది నిజమే సర్. తరం మారితే లెక్క వేరు. నేను అన్నది తరం మారకుండా పేరు మార్చడం గురించి.

సమన్వయకర్త: మినీ పీసీల, అంటే చిన్న పెట్టెలా ఉండే డెస్క్‌టాప్‌ల సంగతేంటి?

ల్యాబ్ నిర్వాహకుడు: అక్కడ రెండు రకాల ఉదాహరణలూ దొరుకుతాయి. ఇంటెల్ సెలెరాన్ ఎన్5105 నుంచి ఎన్100కు వచ్చినప్పుడు నిజంగా తేడా వచ్చింది. కోర్లు మారాయి, ఏవీ1 అనే కుదింపు పద్ధతిలో వచ్చే వీడియోను విప్పి చూపడానికి చిప్‌లోనే ప్రత్యేక భాగం వచ్చింది. దాంతో ఆన్‌లైన్ క్లాసు వీడియో పెట్టినప్పుడు ప్రాసెసర్ మీద భారం తగ్గింది. ఆ తర్వాత ఎన్150 వచ్చింది. అవే నాలుగు కోర్లు, అదే 6 వాట్లు, వేగం 3.4 నుంచి 3.6 గిగాహెర్ట్జ్‌కు. గ్రాఫిక్స్ వేగం కూడా కొంత పెంచారు. రెండూ ఒకే ధరకు దొరికితే ఎన్150 తీసుకుంటాను. దాని కోసం అదనంగా మాత్రం పెట్టను.

సర్వీస్ ఇంజినీర్: చిన్న బాక్సుల్లో చిప్ పేరు కంటే దాన్ని ఎలా చల్లబరుస్తున్నారన్నది ముఖ్యం సర్. ఒకే చిప్‌ను ఒక కంపెనీ తక్కువ వాట్ల దగ్గర కట్టేస్తుంది, ఇంకో కంపెనీ ఎక్కువ వాట్లు వాడుకోమని వదిలేస్తుంది. చిన్న ఫ్యాన్, వేడిని లాగేసే హీట్‌సింక్ పల్చగా ఉన్న బాక్సులో చిప్‌ను వదిలేస్తే కాసేపటికి వేడెక్కి, తనే వేగం తగ్గించుకుంటుంది. రెండు నిమిషాల బెంచ్‌మార్క్‌లో, అంటే వేగం కొలిచే పరీక్షలో ఇది బయటపడదు. అరగంట సేపు పని పెట్టి చూడాలి.

సమన్వయకర్త: మీ దగ్గరికి వచ్చే వాటిలో తరచూ కనిపించే సమస్య?

సర్వీస్ ఇంజినీర్: ఇది వినండి. కస్టమర్ కొత్త ల్యాప్‌టాప్ పట్టుకొస్తారు. బాక్స్ మీద ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ అని ఉంది, డివైస్ మేనేజర్‌లో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తోంది, వేరే చిప్ పెట్టి అంటగట్టారని కోపం. చిప్ అదేనండీ. ర్యామ్ ఒకే స్టిక్ వేశారు. చిప్ నుంచి ర్యామ్‌కు ఉన్న రెండు చానళ్లూ, అంటే రెండు దారులూ నిండితేనే ఆ చిప్‌కు ఐరిస్ పేరు వస్తుంది. ఖాళీ స్లాట్‌లో రెండో స్టిక్ పెట్టి ఆన్ చేస్తే పేరు దానంతటదే మారిపోతుంది. పేరుతో పాటు గ్రాఫిక్స్ పని కూడా బాగా మెరుగవుతుంది. ఒక ఏడాది మోడల్‌లో నాలుగు జీబీ స్టిక్‌లు రెండు, మరుసటి ఏడాది ఎనిమిది జీబీ స్టిక్ ఒకటి పెట్టారనుకోండి. కాగితం మీద రెండూ 8 జీబీయే.

ల్యాబ్ నిర్వాహకుడు: ఎన్100కు మాత్రం ఉన్నది ఒకటే చానల్. అక్కడ రెండో స్టిక్ ప్రశ్నే రాదు.

సమీక్షకురాలు: స్టోరేజీలోనూ అంతే. 2022లో యాపిల్ ఎం2 ప్రాసెసర్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ తెచ్చింది. దాని 256 జీబీ మోడల్‌లో డేటా దాచే ఫ్లాష్ చిప్‌లు రెండు పెట్టే బదులు ఒకటే పెట్టారు. ప్రాసెసర్ ఎం1 కంటే మెరుగు, ఆ చిప్‌లతో చేసే స్టోరేజీ, అంటే ఎస్‌ఎస్‌డీ మాత్రం ఎం1 మోడల్ కంటే నెమ్మది. 8 జీబీ ర్యామ్ నిండితే సిస్టమ్ ఎస్‌ఎస్‌డీనే తాత్కాలిక ర్యామ్‌లా వాడుకుంటుంది. అంటే వేగం సరిగ్గా అవసరమైన చోటే ఆ బలహీనత దెబ్బతీసింది. 2024లో ఎం3 వచ్చేసరికి మళ్లీ రెండు చిప్‌లు పెట్టారు.

సమన్వయకర్త: అంటే కొత్తదాంట్లో వెనకడుగు కూడా ఉంటుందన్నమాట.

సమీక్షకురాలు: ఉంటుంది. యాపిల్ మినీ పీసీ, 2014 మ్యాక్ మినీ చూడండి. 2012 దాంట్లో నాలుగు కోర్ల మోడల్ ఉండేది, ర్యామ్ మనమే మార్చుకునేవాళ్లం. 2014లో రెండు కోర్లవే ఇచ్చి, ర్యామ్ సోల్డర్ చేసేశారు. అన్ని కోర్లూ వాడే పనుల్లో రెండేళ్ల నాటి నాలుగు కోర్ల మెషినే ముందుండేది. మళ్లీ అదే కంపెనీ 2024 అక్టోబర్‌లో ఏం చేసిందో చూడండి. ఎం2, ఎం3 ఎయిర్‌లలో ప్రాసెసర్ ముట్టుకోలేదు. ధర పెంచకుండా కనీస ర్యామ్‌ను 8 నుంచి 16 జీబీ చేశారు. పేరు మారలేదు, పెద్ద వేదిక ఎక్కి ప్రకటించిన హంగామా లేదు. కొనేవాడికి మేలు చేసిన అప్‌డేట్ అంటే నేను దాన్నే చూపిస్తాను. ఎందుకంటే అందులో ర్యామ్ తర్వాత పెంచుకునే దారే లేదు.

ల్యాబ్ నిర్వాహకుడు: స్క్రీన్ గురించి కూడా చెప్పండి మేడమ్. పిల్లలు రోజంతా చూసేది దాన్నే.

సమీక్షకురాలు: తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్ అని ఏళ్లుగా అదే ప్యానెల్ వస్తోంది. ఎన్‌టీఎస్‌సీ శాతం ఎన్ని రంగులు చూపగలదో చెబుతుంది, నిట్స్ వెలుగును చెబుతుంది. అందులో ఎరుపు ఇటుక రంగులోకి జారుతుంది. స్లైడ్‌లో లేత పసుపు హైలైట్ పెడితే తెలుపులో కలిసిపోతుంది. దాని బదులు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, అంటే ఇంకా ఎక్కువ రంగులు చూపే ప్యానెల్ ఇచ్చి పాత ప్రాసెసరే ఉంచినా నేను ఆ మెషిన్‌కే ఓటేస్తాను.

సర్వీస్ ఇంజినీర్: యూఎస్‌బీ-సీ పోర్ట్ కూడా. పాతదాంట్లో డేటాకు మాత్రమే, కొత్తదాంట్లో చార్జింగ్‌కు, మానిటర్‌కు కూడా పనికొస్తే అది లెక్కలోకి తీసుకోవాల్సిన మార్పు. గుండ్రటి చార్జింగ్ పిన్ లూజైతే మెషిన్ మూలన పడుతుంది. సీ పోర్ట్‌తో చార్జ్ అయితే పని ఆగదు.

సమన్వయకర్త: చివరిగా, ఉన్న మెషిన్ నెమ్మదించిందని కొత్త మోడల్ వైపు చూస్తున్నవాళ్లు ఏం చేయాలి?

సర్వీస్ ఇంజినీర్: ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కమనండి. కింద ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో ఉంటుంది. రెండింటిలో ఒకటే నిండి ఉంటే ఇంకో స్టిక్ వేసి కొన్నాళ్లు చూడొచ్చు. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ర్యామ్ బోర్డుకు అతికి ఉన్నట్టు. అప్పుడు కొత్తది చూసుకోవాల్సిందే. ఆ కొత్తదాంట్లో మాత్రం ఇప్పుడు సరిపోయేంత కాకుండా, నాలుగేళ్ల తర్వాత కూడా సరిపోయేంత ర్యామ్ తీసుకోండి.

ల్యాబ్ నిర్వాహకుడు: హార్డ్ డిస్క్ ఉన్న పాత డెస్క్‌టాప్ అయితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. మా ల్యాబ్‌లో కొత్త మెషిన్ల కొనుగోలు వాయిదా పడింది దాని వల్లే.

సమన్వయకర్త: సమయం అయిపోయింది. ముగ్గురికీ ధన్యవాదాలు, నమస్కారం.