కారప్పొడి సీసా, క్యాప్సూళ్ల డబ్బా

శ్రోతలకు నమస్కారం.

మందుల షాపుల్లో ఈ మధ్య అవిసె నూనె క్యాప్సూళ్లు బాగా కనిపిస్తున్నాయి. గుండెకు మంచిదని కొందరు, మోకాళ్లకని కొందరు కొంటున్నారు. ఒక చిన్న లెక్క వేద్దాం. అర గ్రాము క్యాప్సూల్‌లో ఒమేగా-3 కొవ్వు సుమారు పావు గ్రాము ఉంటుంది. పది గ్రాముల అవిసె గింజలు, అంటే పెద్ద చెంచాడు, పొడి కొట్టుకుంటే రెండు గ్రాముల పైనే వస్తుంది. ఎనిమిది క్యాప్సూళ్ల సరుకు ఒక్క చెంచాలో ఉందన్నమాట! నూనెలో లేని పీచు అదనం.

అయితే పొడి కొట్టుకుంటేనే సుమండీ. గింజల్ని అలాగే మింగితే ఆ నున్నటి పొట్టు కడుపులో సరిగా అరగదు, చాలావరకు ఎలా వెళ్లినవి అలాగే బయటికొచ్చేస్తాయి. మన ఇళ్లలో అవిసెలు దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త చింతపండు వేసి కారప్పొడి చేసుకుంటాం కదా, అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. గింజలు చిటపటమనగానే దించెయ్యాలి. ఆలస్యమైతే చేదెక్కుతుంది. ఈ నూనెకు గాలి, వెలుతురు పడవు. అందుకని నెలకు సరిపడా ఒకేసారి దంచిపెట్టకుండా, వారానికి కావలసినంత చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పొడి పాత నూనె వాసన వేస్తే పారెయ్యడమే. ఇంకో మాట. అవిసెల్లోని ఒమేగా-3, చేపల్లోని ఒమేగా-3 ఒకటి కాదు. మొదటిదాన్ని మన ఒళ్లు రెండోదిగా మార్చుకునేది చాలా కొద్దిగానే. చేపలు తినే అలవాటున్నవాళ్లు మానుకోనక్కర్లేదు.

ఇక నువ్వులు. పాలకంటే వీటిలో ఎనిమిదింతల కాల్షియం అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. వంద గ్రాములకు వంద గ్రాములు పోలిస్తే అబద్ధం కాదు. కానీ వంద గ్రాముల నువ్వులు ఎవరు తింటారు? పది గ్రాముల నువ్వులున్న చిమ్మిలి ఉండ తింటే వచ్చేది వంద మిల్లీగ్రాములు, గ్లాసుడు పాలలో దానికి రెట్టింపు పైనే ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు. పైగా నువ్వుల కాల్షియం ఎక్కువగా పొట్టులోనే, ఆక్సలేట్ అనే పదార్థంతో ముడిపడి ఉంటుంది. అదంతా ఒంటికి పట్టదు. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో అయితే పదో వంతు కూడా మిగలదు.

అలాగని వీటిని తీసిపారెయ్యలేం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 2000 కేలరీల రోజువారీ భోజనంలో పల్లీలు, బాదం, నువ్వుల వంటివన్నీ కలిపి 35 గ్రాములు ఉండాలి. మన వంటింట్లో అది కష్టమేమీ కాదు. వంకాయ కూరలో నువ్వుల పొడి, ఇడ్లీకి పల్లీ చట్నీ చాలు.

డబ్బాయే కొంటామంటారా, లేబుల్ చదవండి. ఆహార భద్రతా నిబంధనల కింద వచ్చే హెల్త్ సప్లిమెంట్లపై 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని వేసి తీరాలి. అంటే మందుగా వాడేది కాదని తయారుచేసినవాళ్లే ఒప్పుకుంటున్నారు. షాపులో చెప్పే మాటలు వేరేలా ఉంటాయనుకోండి! వంటింటి దినుసులతోనూ కాస్త జాగ్రత్త కావాలి. మెంతిపొడి రక్తంలో షుగర్‌ను కొంత తగ్గిస్తుంది. కాబట్టి ఇప్పటికే షుగర్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు రోజూ మెంతులు మొదలుపెట్టేముందు డాక్టరు చెవిన వెయ్యండి.

నన్ను నిజంగా కలవరపెట్టేది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు. రెండు చిమ్మిలి ఉండల్లోని నువ్వుల నుంచి వచ్చేది సుమారు మూడు మిల్లీగ్రాములే. ఉండలు ఇష్టంగా తినండి, మాత్ర మాత్రం మానకండి. మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ, కాఫీ వద్దు. నిమ్మరసం తాగితే ఇనుము ఇంకా బాగా పడుతుంది.