బటన్ నొక్కేది మనమే కదా!

శ్రోతలకు నమస్కారం.

వీడియో గేముల్లో గొప్ప విలన్ ఎవరు? కడపలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు నలుగురు టీ కొట్టు దగ్గర చేరి ఈ వాదం ఎత్తుకుంటే పొద్దుగూకినా తెగదు. ఒకరు 1997 నాటి ఫైనల్ ఫాంటసీ ఏడులోని సెఫిరోత్ అంటారు. బారెడు కత్తి, వెండి జుట్టు, ఆ నడక! ఇంకొకరు 2012లో వచ్చిన ఫార్ క్రై మూడులోని వాస్ అంటారు. అతను మాట్లాడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ రూపం, మాట సినిమా విలన్‌కూ ఉంటాయి. గేములో బటన్ నొక్కేది మనం. ఆ నొక్కుడునే మన మీదికి తిప్పగలిగినవాడు నా లెక్కలో గొప్ప విలన్.

1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా చూడండి. గంటలోగా దుష్టమంత్రి జాఫర్ చెర నుంచి రాకుమారిని విడిపించాలి. జాఫర్‌ను చాలామంది మరిచిపోయుంటారు. మరపురానిది ఆ నీడమనిషి. దారికి అడ్డంగా అద్దం ఉంటుంది. పరుగెత్తుకొచ్చి అందులోంచి దూకాలి. దూకగానే మన ప్రాణం ఆఖరి గీటుకు పడిపోతుంది, అద్దంలోంచి మన రూపమే ఒకటి బయటపడి పారిపోతుంది. తర్వాత మనకు దక్కాల్సిన, ప్రాణం పెంచే మందు వాడు తాగేస్తాడు. మరోచోట మన ముందే తలుపు మూసి, మనల్ని కిందికి పడేస్తాడు. చివరికి కత్తితో ఎదురుపడతాడు. పొడిచామా, తగ్గేది మన ప్రాణమే! కత్తి ఒరలో పెట్టి, నేరుగా వాడికి ఎదురు వెళ్లాలి. అప్పుడు ఇద్దరూ ఒకటైపోతారు. అంతదాకా పొడవడం నేర్పిన ఆట అక్కడ పొడవొద్దంటుంది. యాపిల్ టూ కంప్యూటర్‌లో కొత్త శత్రువు బొమ్మలకు మెమరీ చాలక, హీరో బొమ్మలనే కాస్త మార్చి వాడితే పుట్టినవాడు ఈ నీడమనిషి!

1998 మెటల్ గేర్ సాలిడ్‌లో మనసులు చదివే విలన్ సైకో మాంటిస్‌దీ ఇదే దారి. మన ఆటల వివరాలు దాచే మెమరీ కార్డు చూసి, మనం ఆడిన వేరే గేముల పేర్లు చెబుతాడు. మన దెబ్బలన్నీ ముందే పసిగట్టి తప్పుకుంటాడు. మనం బటన్లు నొక్కే కంట్రోలర్‌ను గేము పెట్టె రెండో పోర్టులో పెడితే అప్పుడు దొరుకుతాడు.

మన సురభి నాటకాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలయ్యాయి. ఆ కీచకుడు గేములోకి రావాలని నాకు ఎంతో ఆశ. విరాటుడి కొలువులో ద్రౌపదిని కాలితో తన్నుతాడు. చూస్తున్న భీముడు మనమే. బటన్ వేలి కిందే ఉంది. నొక్కితే అజ్ఞాతవాసం బట్టబయలు, మళ్లీ 12 ఏళ్లు అడవి. పక్కనే ధర్మరాజు వద్దని వారిస్తుంటాడు. రాత్రి నర్తనశాల చీకట్లో కీచకుడు ద్రౌపదే అనుకుని దగ్గరికొచ్చి సరసాలాడుతుంటే, అప్పుడూ ఓర్చుకోవాలి. వాడు చెయ్యి వేశాకే మన వంతు.

గేముల తయారీ నేర్చుకుంటున్న పిల్లలారా, మొదట ఆ కొలువు ఘట్టం ఒక్కటి తయారుచేయండి. కీచకుడికి పెద్ద ఆయుధాలేవీ వద్దు. నొక్కాలో వద్దో తేలక ఆడేవాడు అల్లాడితే, మిగతా కథ నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు.