ఇంటర్వెల్స్ అయ్యాక సంచీలోంచి తీసే బిళ్ల

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని కోచ్‌లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. యువ క్రీడాకారులకు ఇంటర్వెల్ శిక్షణ గురించి, అంటే గట్టి పరుగు, మెల్లని జాగింగ్ మార్చి మార్చి చేయించడం గురించి చెప్పమన్నారు. చెబుతాను. కానీ ఆ శిక్షణ అవగానే సంచీ జిప్పు లాగి నోట్లో వేసుకునే విటమిన్ బిళ్ల సంగతి ముందు తేల్చుకోవాలి.

ఏ మోతాదు శిక్షణ గురించి మాట్లాడుతున్నామో చూడండి. గరిష్ఠ గుండె వేగంలో 90 నుంచి 95 శాతం దగ్గర నాలుగు నిమిషాల పరుగు, తర్వాత మూడు నిమిషాల మెల్లని జాగింగ్, ఇలా నాలుగుసార్లు. 18 ఏళ్ల కుర్రాడికి 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం నిమిషానికి సుమారు 195. అంటే గుండె 176కీ 185కీ మధ్య కొట్టుకునేలా పరుగెత్తాలి. ఇది సగటు లెక్కే, మనిషిని బట్టి పది అటూ ఇటూ అవుతుంది. ఇంకో మాట రాసుకోండి: మొదటి రెప్‌లో, అంటే మొదటి నాలుగు నిమిషాల పరుగులో, గుండె ఆ అంకెకు ఎక్కడానికే ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. వాచీ చూసి ఇంకా రాలేదే అని వేగం పెంచినవాడు నాలుగో రెప్‌లో కూలబడతాడు.

సరే, బిళ్ల దగ్గరికి వద్దాం. అంత గట్టిగా పరుగెత్తితే కండరకణాల్లో ఫ్రీ ర్యాడికల్స్, అంటే దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువులు, పెరుగుతాయి. 1982లోనే, అలిసి ఆగేదాకా పరుగెత్తించిన ఎలుకల కండరాల్లోనూ కాలేయంలోనూ వాటి సంకేతం రెండు మూడు రెట్లు పెరిగిందని కొలిచి చూపారు. అక్కణ్నుంచి అందరూ ఒకటే లెక్క వేసుకున్నారు: ఫ్రీ ర్యాడికల్స్ చెడ్డవి, విటమిన్ సి, ఇ వాటిని అణుస్తాయి, కాబట్టి పిల్లలకు పెడదాం. కానీ ఆ ఫ్రీ ర్యాడికల్స్ కండరానికి కబురు కూడా మోస్తాయి. ఆ కబురు అందితేనే పీజీసీ-1 ఆల్ఫా అనే ప్రోటీన్ మేల్కొని కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను కొత్తగా కట్టిస్తుంది. ఎస్ఓడీ, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ లాంటి సొంత రక్షణ ఎంజైములూ అప్పుడే పెరుగుతాయి. కబురు దారిలోనే నొక్కేసి, ఫలితం రాలేదేమని స్టాప్‌వాచ్‌ని తిడితే ఎలా?

2008లో స్పెయిన్ పరిశోధకులు ఎలుకలకు శిక్షణ ఇచ్చి, కొన్నిటికి విటమిన్ సి కలిపారు. మామూలు ఎలుకల పరుగు ఓర్పు 186 శాతం పెరిగితే, విటమిన్ ఎలుకలది 26 శాతం దగ్గరే ఆగింది. ఈ అంకెల్ని సభల్లో గట్టిగా వినిపిస్తారు. అదే పరిశోధనలో రోజుకు 1 గ్రాము తీసుకుంటూ ఎనిమిది వారాలు శిక్షణ పొందిన మనుషుల్లో మాత్రం ఆక్సిజన్ సామర్థ్యంలో, అంటే గట్టి శ్రమలో ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్‌లో, తేడా గణాంకాల ప్రకారం తేలలేదన్న మాట మింగేస్తారు. నాకది నచ్చదు. 2014లో నార్వేలో 54 మంది యువతీయువకులతో 11 వారాలు చూశారు, సగం మందికి రోజూ 1,000 మిల్లీగ్రాముల సి, 235 మిల్లీగ్రాముల ఇ ఇచ్చి. ఆక్సిజన్ సామర్థ్యం రెండు జట్లలోనూ ఒకేలా పెరిగింది. కండరం ముక్క తీసి చూస్తే మాత్రం, మైటోకాండ్రియా పెరుగుదలను చూపే ప్రోటీన్లు ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలోనే పెరిగాయి. డెన్మార్క్‌లో 2010లో ఇలాంటి ప్రయోగంలోనే ఏ తేడా కనబడలేదు. కాబట్టి ఈ బిళ్ల పిల్లల పరుగు పాడుచేస్తుందని నేను ప్రమాణం చేయను. బాగుపరుస్తుందని మీరు చూపించండి.

నొప్పులు తగ్గుతాయంటారు. 2017లో 50 ప్రయోగాలను కలిపి చూస్తే, తగ్గినది ఆటగాడికి తెలిసేటంత కూడా కాదు. జలుబు సంగతి వేరు, ఒప్పుకుంటాను: మారథాన్, స్కీయింగ్ లాంటి విపరీత శ్రమ చేసేవాళ్లలో విటమిన్ సి జలుబు ముప్పును సగానికి తగ్గించింది. అది పెద్ద పోటీ ముందు కొద్ది రోజులకు పనికొచ్చే మాట. నెలల తరబడి రోజూ పెట్టడానికి అది సాకు కాదు.

వెనక నిలబడ్డ పిల్లలూ, మీ డబ్బాలు బయటికి తీయండి. సిగ్గుపడకండి, తీయండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఒక మోతాదు అంటే ఎన్ని బిళ్లలో రాసి ఉంటుంది. చాలాసార్లు రెండు. ఇప్పుడు కూడండి: చప్పరించే బిళ్ల 500, నీళ్లలో పొంగేది 1,000, డ్రింక్ పొడిలో 250. మొత్తం 1,750 మిల్లీగ్రాములు. అమెరికా ప్రమాణాల ప్రకారం 14 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు కావలసింది అబ్బాయిలకు 75, అమ్మాయిలకు 65. దాటకూడని హద్దు 1,800. 13 ఏళ్ల పిల్లకైతే ఆ హద్దు 1,200 మాత్రమే, అంటే ఇప్పటికే దాటేసింది! రోజుకు 200 దాటాక రక్తంలో పెరిగేది అంతంతమాత్రం. 1,000 పైన పేగులు సగం కూడా పీల్చుకోవు. ఆ మిగిలిందే ఇంటర్వెల్స్ మధ్యలో మరుగుదొడ్డికి పరుగెత్తిస్తుంది. విటమిన్ ఇ దగ్గర ఇంకో చిక్కు. 400 యూనిట్లు అని ఉంటే, పేరు ముందు డి అనే అక్షరం ఒక్కటే ఉంటే సహజమైనది, 268 మిల్లీగ్రాములు. డిఎల్ అని ఉంటే కృత్రిమం, 180.

పిల్లవాడు నీరసంగా ఉన్నాడంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. గట్టి ఇంటర్వెల్స్ వారానికి రెండు, మధ్యలో 48 గంటలు. ఎనిమిది నుంచి పది గంటల నిద్ర. సాయంత్రం మళ్లీ శిక్షణ ఉంటే, మొదటి గంటలో కిలో బరువుకు ఒక గ్రాము పిండిపదార్థం, 0.3 గ్రాము ప్రోటీన్. 50 కిలోలవాడికి 50 గ్రాములు, 15 గ్రాములు. అయినా తేరుకోకపోతే ఫెర్రిటిన్ పరీక్ష, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ చూసే రక్త పరీక్ష. అమ్మాయిల విషయంలో అది ఆలస్యం చేయకండి. డాక్టరు ఐరన్‌తో పాటు విటమిన్ సి రాసిస్తే నా మాట విని ఆపేయొద్దు, అది ఐరన్ ఒంటికి పట్టడానికి. పరీక్షలో విటమిన్ లోపం తేలినవాళ్లకూ అంతే.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. చెప్పమన్న ఇంటర్వెల్స్ సగమే చెప్పాను, మిగతాది బల్ల మీది కాగితాల్లో ఉంది, తీసుకెళ్లండి. డబ్బాలు తీసిన పిల్లలు మాత్రం అవి పట్టుకుని ఇటు రండి, ఒక్కొక్కరిదీ కూడి చూద్దాం.