తల్లిగారింటి రోగమా?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలోనూ హనుమకొండ దాకా వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు, వెనక నిలబడ్డ అన్నలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. మార్చి నెలలో శాలువా ఎందుకని మాత్రం అడగను.

నాకిచ్చిన అంశం రోగనిరోధక జన్యువులు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. శాస్త్రం ముందే చెప్పేస్తాను. ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి కనిపెట్టినందుకే హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. 16, 18 అనే రెండు రకాలే దాదాపు 70 శాతం కేసులకు కారణం. అయితే వైరస్ సోకిన పది మందిలో సుమారు తొమ్మిది మందికి రెండేళ్లలో అదే పోతుంది. మిగతావాళ్లలో ఎందుకు తిష్ట వేస్తుంది? ఆరో క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. వాటి ప్రొటీన్లు వైరస్ ముక్కను కణం పైకి తెచ్చి, ఇదిగో దొంగ అని టీ కణాలకు, అంటే రోగంతో పోరాడే తెల్ల రక్తకణాలకు, పట్టిస్తాయి. ఈ పట్టించే నేర్పు మనిషికో తీరు. ఆ గుంపులోని డీఆర్‌బీ1 అనే జన్యువులో 13 రకం ఉంటే కొంత రక్షణ అని చాలా అధ్యయనాల్లో కనబడింది.

ఇంకా చెప్పాలనుకున్నాను గానీ, ఇక్కడ ఆగాలి. జన్యువులు అనగానే మన దగ్గర ఇంకో మాట పుడుతుంది.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే ఒకావిడ నా ఓపీకి వచ్చింది. కారానికి అరచేతులు కమిలిపోయి, కొంగు కూడా ముట్టుకోకుండా చేతులు గాల్లో పెట్టుకుని కూర్చుంది. నెలసరి కాని రోజుల్లో రక్తం పోతుంటే ఒంటి వేడి అనుకుందట. ఆమె నోరు తెరవకముందే అత్త అందుకుంది: "డాక్టరమ్మా, ఇది వీళ్ల తల్లిగారింటి రోగం. దీని తల్లికి గూడ గిట్లనే అయింది. మా ఇంట్ల ఎవలకూ లేదు." భర్త గేటు బయట చాయ్ తాగుతున్నాడు. తర్వాత తెలిసింది, వైద్యం ఖర్చు కూడా తల్లిగారే పెట్టుకోవాలన్నారట. అదీ అసలు లెక్క!

అత్త మాటలో గోరంత నిజం లేకపోలేదు. స్వీడన్‌లో 1999లో పరిశోధకులు చూశారు: కన్నతల్లికి వస్తే బిడ్డకు ప్రమాదం రెండింతలకు దగ్గరగా ఉంది, పెంపుడు తల్లికి వస్తే పెద్ద తేడా లేదు. కానీ వైరస్ లేకుండా ఈ జన్యువులు చేసేదేమీ లేదు. వైరస్ చాలావరకు శారీరక సంబంధంతోనే వస్తుంది. మరి కోడలికి ఎక్కడినుంచి వచ్చింది? అన్నలూ, తల దించుకోకండి, ఎప్పుడో పెళ్లికి ముందు సోకి తెలియకుండా ఉన్నదైనా కావచ్చు. మిమ్మల్ని బోనెక్కించడం నా పని కాదు. అయినా హెచ్‌ఎల్‌ఏలో సగం తండ్రిది. ఆ సగం పేరు ఎవరూ ఎత్తరేం?

హెచ్‌పీవీ రాకుండా వేసే టీకా గురించి ఒక్క మాట. 2009లో పక్కనున్న ఖమ్మం జిల్లాలో హాస్టల్ వార్డెన్ల సంతకాలతో ఆడపిల్లలకు ఈ టీకా వేశారు. తల్లిదండ్రులను అడగకపోవడం ఘోరం, ఆ కోపం న్యాయమే. కానీ టీకా తర్వాత కొందరు పిల్లలు చనిపోతే, ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేయించండి, అడిగి తెలుసుకుని వేయించండి.

అధ్యక్షులు చీటీ పంపారు, ముగిస్తాను. అత్తలు ఎవరున్నారో చేతులెత్తండి. 30 దాటినవాళ్లకు గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ లాంటి ద్రావకం అద్ది చూసే పరీక్ష ఉంది, నిమిషంలో అక్కడ తెల్ల మచ్చ కనబడితే తేడా ఉందేమోనని తెలుస్తుంది. కోడలిని తీసుకొచ్చిన రోజే మీరూ డాక్టర్‌కు చూపించుకోండి. ప్రశ్నలు అడగండి, ముందు మగవాళ్లు.