లాగిన్ అయ్యేటప్పుడు ఆ 20 సెకన్లూ కంప్యూటర్ ఎవరి కోసం ఎదురుచూస్తోంది?

నమస్కారం. కొన్నేళ్ల క్రితం నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో 60 లినక్స్ కంప్యూటర్లున్న ల్యాబ్‌ను చూసుకునేవాణ్ణి. విద్యార్థుల ఖాతాలు అందరి వివరాలూ ఒకేచోట ఉంచే ఎల్‌డ్యాప్ సర్వర్‌లోనూ, వారి సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీలు నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లను అందించే ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌లోనూ ఉండేవి కాబట్టి ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా వారి ఫైళ్లే వారికి కనిపించేవి. ఒక సోమవారం ఉదయం నుంచి, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కిన తరువాత డెస్క్‌టాప్ కనిపించడానికి చాలా ఆలస్యం కాసాగింది. ర్యామ్ పెంచమని కొందరు, ఎస్ఎస్‌డీ వేయమని ఇంకొందరు సలహా ఇచ్చారు. నేను పక్క కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లి టాప్ ఆదేశం నడిపి చూస్తే, విద్యార్థి నల్లటి తెర వైపు చూస్తూ కూర్చున్న ఆ సమయంలో ప్రాసెసర్ దాదాపు పూర్తిగా ఖాళీగా ఉంది. పని చేయలేక ఆగిన కంప్యూటర్ వేరు, ఎవరో జవాబిస్తారని ఎదురుచూస్తూ ఆగిన కంప్యూటర్ వేరు. రెండో దానికి ఎంత ర్యామ్ వేసినా ఉపయోగం ఉండదు.

అందువల్ల ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు నేను మొదట చేసే పని సెటింగులు మార్చడం కాదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరవడం. నాలుగైదు సార్లు లాగిన్ అయి ఎన్ని సెకన్లు పడుతోందో కాగితం మీద రాసుకోండి. ఆ అంకెలు ఒకసారి 12, ఒకసారి 31, ఒకసారి 19 అని చిందరవందరగా ఉంటే నిజంగానే ఎక్కడో పని భారం ఉందని అనుమానించవచ్చు. ప్రతిసారీ ఒకే అంకె వస్తూ ఉంటే మాత్రం అది ఏదో ఒక ప్రోగ్రామ్‌లో ముందుగా రాసిపెట్టిన టైమవుట్ (జవాబు కోసం ఆగే గడువు) అయి ఉండే అవకాశమే ఎక్కువ. 5 సెకన్లు గానీ దాని గుణిజాలు గానీ కనిపిస్తే, సర్వర్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌ను అనుమానించాలి, ఎందుకంటే లినక్స్‌లో పేరు వెతికే జీలిబ్‌సీ లైబ్రరీ ఒక సర్వర్ జవాబు కోసం మామూలుగా 5 సెకన్లు ఆగిన తరువాతే రెండో సర్వర్‌ను అడుగుతుంది. సరిగ్గా 25 అయితే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ జవాబు కోసం ఆగే గడువు, 90 అయితే లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ ఒక సేవ మొదలవడానికి ఇచ్చే గడువు.

మా ల్యాబ్‌లో వచ్చిన అంకె 20. అంతకు ముందు శుక్రవారం సాయంత్రం పాత డీఎన్ఎస్ సర్వర్‌ను తీసివేశారు గానీ, కంప్యూటర్లలో డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలుండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలులో దాని చిరునామా మొదటి వరుసలోనే ఉండిపోయింది. లాగిన్ సమయంలో ఎల్‌డ్యాప్ సర్వర్ పేరు, ఎన్ఎఫ్ఎస్ సర్వర్ పేరు ఇలా ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు సార్లు పేరు వెతకవలసి వచ్చేది, వెతికిన ప్రతిసారీ లేని సర్వర్ కోసం 5 సెకన్లు ఆగేది. నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారాన్ని చూపే టీసీపీడంప్‌తో, డీఎన్ఎస్ వాడే 53వ పోర్టును గమనిస్తే, జవాబు రాని ప్రశ్నలు కళ్ల ముందే వరుసగా వెళ్తూ కనిపించాయి. ఆ ఫైలులో టైమవుట్‌ను 1కి తగ్గిస్తే చాలని కొందరు అంటారు. నేను అలా చేయను, ఎందుకంటే చచ్చిన చిరునామా అక్కడే ఉండి, ఆలస్యం గుర్తుపట్టలేనంత చిన్నదవుతుంది. ఆ వరుసను తీసివేయడమే సరైన పని.

అంకెతో అంత సులభంగా తేలనప్పుడు విడదీసి చూడాలి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల తెరలో లాగిన్ అవ్వండి. అక్కడా ఆలస్యమైతే డెస్క్‌టాప్ జోలికి పోనవసరం లేదు; ఐడీ అనే ఆదేశానికి ముందు టైమ్ అని చేర్చి, విద్యార్థి పేరు ఇచ్చి నడపండి. ఒక మనిషి ఏయే గ్రూపుల్లో ఉన్నాడో చెప్పడానికే పది సెకన్లు పడుతూ ఉంటే, వేల మంది సభ్యులున్న గ్రూపుల జాబితా మొత్తాన్ని, ఎల్‌డ్యాప్ నుంచి ఖాతాల వివరాలు తెచ్చే ఎస్ఎస్ఎస్‌డీ సేవ తెచ్చుకుంటూ ఉండవచ్చు. గ్రూపు సభ్యుల పేర్లు తేవద్దని చెప్పే ఇగ్నోర్ గ్రూప్ మెంబర్స్ అనే ఎంపిక దాని కోసమే ఉంది. ఖాతాలు, గ్రూపులు అన్నింటినీ ముందే తెచ్చుకొమ్మని చెప్పే ఎన్యూమరేట్ అనే ఎంపికను ఎవరైనా ఆన్ చేసి ఉంటే ముందు దాన్ని ఆపండి.

అక్షరాల తెరలో వెంటనే లాగిన్ అవుతూ, డెస్క్‌టాప్ మాత్రమే ఆలస్యమైతే, ఎల్‌డ్యాప్‌లో ఖాళీ హోమ్ డైరెక్టరీతో ఒక కొత్త ఖాతా తెరిచి ప్రయత్నించండి. కొత్త ఖాతా చకచకా తెరుచుకుని, మూడో సంవత్సరం విద్యార్థి ఖాతా మాత్రం నత్తనడక నడిస్తే, దోషం అతని హోమ్‌లో ఉన్నట్టే. ఒకసారి ఒక విద్యార్థి లాగిన్ అయినప్పుడు నడిచే తన డాట్ ప్రొఫైల్ ఫైలులో, ఇంటి దగ్గరి కంప్యూటర్‌కు కనెక్ట్ అయ్యే ఆదేశాన్ని రాసుకున్నాడు. ఆ కంప్యూటర్ ఆపి ఉన్న రోజుల్లో అతని డెస్క్‌టాప్ రాదు. దాన్ని కనిపెట్టడానికి నాకు ఒక పూట పట్టింది.

కానీ హోమ్‌కు సంబంధించిన అసలు సమస్య, ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్లను దాచుకునే డాట్ క్యాష్ ఫోల్డర్. బ్రౌజర్, ఫైళ్ల చిన్న బొమ్మలు (థంబ్‌నెయిల్స్), ఫైళ్లను సూచీకరించే సేవ అన్నీ కలిసి అందులో వేల కొద్దీ చిన్న ఫైళ్లను పోగుచేస్తాయి. సొంత డిస్కు మీద అది పెద్ద విషయం కాదు. ఎన్ఎఫ్ఎస్ మీద ఒక్కొక్క ఫైలును తెరవడానికి సర్వర్ దాకా వెళ్లి రావాలి, రాసిన ఫైలును మూసేటప్పుడు అందులోని సమాచారం సర్వర్‌కు చేరేదాకా ఆగాలి. వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను పట్టినా, 10,000 సార్లు తిరిగితే 10 సెకన్లు అవుతాయి. తొమ్మిది గంటల క్లాసుకు 60 మంది ఒకేసారి లాగిన్ అయినప్పుడు, తిరిగే డిస్కు ఉన్న సర్వర్ ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ ఫోల్డర్ ఎక్కడ ఉండాలో చెప్పే ఎక్స్‌డీజీ క్యాష్ హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ప్రతి కంప్యూటర్‌లోని సొంత డిస్కులో ఒక్కొక్కరికీ కేటాయించిన ఫోల్డర్ వైపు తిప్పడం మా ల్యాబ్‌లో డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చిన మార్పు. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారు, సెటింగులను దాచే డీకాన్ఫ్ నిల్వను కూడా చూసుకోవాలి. దాని మామూలు పద్ధతి ఫైలును నేరుగా మెమరీలోకి మ్యాప్ చేసుకోవడం మీద ఆధారపడుతుంది కాబట్టి, హోమ్ ఎన్ఎఫ్ఎస్ మీద ఉన్నచోట మామూలు టెక్స్ట్ ఫైలులో దాచే కీఫైల్ పద్ధతికి మారడం మంచిది. ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌లో, సమాచారం డిస్కుకు చేరకముందే చేరిందని జవాబిచ్చే ఎసింక్ ఎంపిక పెడితే వేగం పెరుగుతుందన్నది నిజమే, కానీ కరెంటు పోయినప్పుడు డిస్కుకు చేరని సమాచారం పోతుంది. ఇతరుల ప్రాజెక్టు ఫైళ్లున్న చోట నేను ఆ పని చేయను.

25 సెకన్ల సంగతి వేరు. డెస్క్‌టాప్ వచ్చాక కూడా మొదటి అప్లికేషన్ తెరుచుకోవడానికి సరిగ్గా అంతే పడుతుంటే, సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌లో, అప్లికేషన్లకు డెస్క్‌టాప్ సౌకర్యాలు అందించే ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్ సేవ పేరు కోసం వెతకండి. ఏ తెర మీద పనిచేయాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్ అందక ఆ సేవ మొదలు కాలేకపోతే, అప్లికేషన్ డీబస్ మీద దాని జవాబు కోసం గడువు ముగిసేదాకా కూర్చుంటుంది. గ్నోమ్ లాంటి పూర్తి డెస్క్‌టాప్‌లు ఆ వేరియబుల్‌ను వాటంతట అవే అందిస్తాయి. సొంతంగా విండో మేనేజర్‌ను అమర్చుకున్నవారికే ఈ ఇబ్బంది ఎక్కువగా వస్తుంది.

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే చేసే మొదటి లాగిన్ మాత్రమే ఆలస్యమై, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయితే సరిగ్గా ఉంటే, కంప్యూటర్‌ను వదిలి నెట్‌వర్క్ స్విచ్ దగ్గరికి వెళ్లండి. నెట్‌వర్క్‌లో సమాచారం చుట్టూ తిరుగుతూ ఉండిపోకుండా స్విచ్‌లు వాడే పాత స్పానింగ్ ట్రీ పద్ధతిలో, కేబుల్ పెట్టే ఒక పోర్టు వినడానికి 15, నేర్చుకోవడానికి 15, మొత్తం 30 సెకన్లు గడిస్తే గానీ సమాచారాన్ని అటూ ఇటూ పంపదు. ఈలోగా తెర మీద లాగిన్ పెట్టె వచ్చేస్తుంది, విద్యార్థి పాస్‌వర్డ్ కొట్టేస్తాడు, కేబుల్ అవతల మాత్రం ఇంకా ఎవరూ లేరు. కంప్యూటర్లకు వెళ్లే పోర్టుల మీద, ఈ ఎదురుచూపు లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ ఆన్ చేసి, స్విచ్ నుంచి స్విచ్‌కు వెళ్లే పోర్టులను మాత్రం ముట్టుకోకండి.