కొలంబోలో పెట్టిన సంతకం ఉద్దానం దాకా రావాలి
(శ్రీకాకుళంలో జరిగిన ఒక పౌర సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, అమ్మలకు, కాలేజీల నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

కొలంబోలో శ్రీలంకతో కుదిరిన ఆరోగ్య ఒప్పందంలోకి మన ఉద్దానం కిడ్నీ జబ్బును ఎలా చేర్పించాలన్నదే ఇవాళ నా ముఖ్యమైన మాట. దేశాల మధ్య ఒప్పందాల గురించి శ్రీకాకుళంలో కూర్చుని మాట్లాడుకోవడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ ఒప్పందాల విలువ మనందరికంటే ముందు మన మత్స్యకార పల్లెలకు తెలిసింది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన బోట్లను పాకిస్థాన్ గస్తీ దళం పట్టుకుంది. ఆ బోట్లలో 22 మంది మన రాష్ట్రం వాళ్లు, ఎక్కువ మంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరం వాళ్లు. ఇక్కడ వేట గిట్టుబాటు కాక అంత దూరం వలస పోయినవాళ్లు. కరాచీ జైల్లో ఉన్న మనిషి ఎలా ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియక ఇంటి దగ్గర ఆడవాళ్లు పడిన క్షోభ మీలో చాలామంది కళ్లారా చూశారు.

అప్పుడు వాళ్లకు దారి చూపింది ఒక కాగితం. భారత్, పాకిస్థాన్ మధ్య 2008 మే 21న కుదిరిన కాన్సులర్ ఒప్పందం అది. ప్రతి ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశపు ఖైదీల, జాలర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. అరెస్టయిన మూడు నెలల్లోగా ఆ మనిషిని వాళ్ల దేశపు దౌత్యాధికారి కలిసే వీలు కల్పించాలి. శిక్ష పూర్తయి, ఏ దేశస్థుడో రుజువైన నెలలోగా పంపించెయ్యాలి. 2019లో రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చేస్తుందేమో అన్నంత వేడి ఉన్నప్పుడు కూడా జాబితాల మార్పిడి ఆగలేదు. 2020 జనవరి 6న మనవాళ్లు 20 మంది వాఘా దాటి వచ్చారు. పదమూడు నెలలకు పైగా పట్టింది, అది చాలా ఎక్కువ కాలం. కానీ "జులై 1న జాబితా ఇవ్వాలి కదా, మా వాడి పేరు అందులో ఉందా?" అని అధికారిని నిలబెట్టి అడగడానికి ఒక ఆధారం ఉంది. ఆ కాగితమే లేకపోతే బతిమాలుకోవడం తప్ప చేసేదేమీ ఉండేది కాదు.

అందుకే అంటున్నాను. రెండు దేశాలు సంతకాలు చేసే కాగితంలో మన జిల్లా కష్టం పేరుతో సహా ఉండాలి. ఉండాలంటే మనం ముందే అడగాలి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు, ఢిల్లీ అమ్మకంటే చాలా దూరం.

సంతకం ఎవరిదో ముందు చూద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా ఉంది. విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలు చేయడం అందులో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా మరో దేశంతో ఒడంబడిక చేసుకోలేదు. ఇంకో సంగతి, మన దేశంలో ఒప్పందం కుదరాలంటే పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. కేంద్ర మంత్రివర్గం సరేనంటే చాలు. చట్టం మార్చాల్సి వచ్చినప్పుడో, భూమి ఇచ్చిపుచ్చుకోవాల్సి వచ్చినప్పుడో పార్లమెంటు గడప తొక్కాలి. బంగ్లాదేశ్‌తో సరిహద్దు భూముల మార్పిడికి 2015లో నూరో రాజ్యాంగ సవరణ చేయాల్సి వచ్చింది అందుకే. మిగతా వాటిలో చర్చ జరిగే చోటు తక్కువ. అందువల్ల కాగితం రాయక ముందే మన మాట చెవిన వెయ్యాలి. రాశాక వేస్తే ప్రయోజనం తక్కువ.

ఇప్పుడు పలాస వెళ్దాం.

జీడి పిక్కలు వలిచే చోటు చూసినవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. పిక్కను యంత్రంలో పెట్టి, కాలితో తొక్కి, చేత్తో తిప్పి రెండుగా చీల్చాలి. పెంకులోంచి వచ్చే జీడి నూనె చర్మం మీద పడితే పొక్కుతుంది. ఆ పని చేసే ఆడవాళ్ల వేళ్లు చూడండి, నల్లగా, బిరుసుగా ఉంటాయి. పప్పు గుండుగా వస్తే ఒక ధర, బద్దగా వస్తే ఇంకో ధర, ముక్కైతే మరీ తక్కువ. మన తోటల పిక్కలు ఏడాది పొడవునా సరిపోవు కాబట్టి ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు ఓడల మీద వస్తాయి. రైతు 80 కేజీల బస్తా ధర దగ్గర బేరమాడేటప్పుడు ఆ దిగుమతి పిక్కల ధర కూడా మధ్యలో వచ్చి కూర్చుంటుంది.

మరి ఆఫ్రికాలో కాసిన పిక్కను పలాసలో కాల్చి, వలిచి, పొట్టు తీసి, గ్రేడు చేసి పంపితే అది భారత్ సరుకా, కాదా? సుంకం తగ్గింపు ఎప్పుడూ ఒప్పందం చేసుకున్న దేశపు సరుకుకే. అందుకే ప్రతి వాణిజ్య ఒప్పందంలో "ఏది మా దేశపు సరుకు" అని తేల్చే నిబంధన ఒకటి ఉంటుంది. దాని ప్రకారమే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఇస్తారు. భారత్, శ్రీలంక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో ఆ నిబంధన ఎలా ఉందో చూడండి. 1998 డిసెంబరు 28న సంతకమై, 2000 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పందం అది. బయటి దేశపు ముడి సరుకు వాడితే కనీసం 35 శాతం విలువ ఇక్కడే చేరాలి, దాంతోపాటు సరుకును గుర్తించడానికి కస్టమ్స్ వాళ్లు వాడే కోడ్‌లో మొదటి నాలుగు అంకెలు మారాలి. పెంకుతో ఉన్న జీడి పిక్క కోడ్ 080131. వలిచిన పప్పు 080132. మొదటి నాలుగు అంకెలు రెండింటికీ 0801. కొబ్బరికాయ కూడా అదే 0801లో ఉంది! ఉద్దానం జీడి, కొబ్బరి తోటలన్నీ ఒక్క నంబరు కింద పెట్టేశారన్నమాట. అంటే ఆ సాధారణ సూత్రం ప్రకారం చూస్తే, మన ఆడవాళ్లు వేళ్లు కాల్చుకుని చేసిన పనికి నాలుగు అంకెల లెక్కలో గుర్తింపు లేదు. ఆరు అంకెల దగ్గర మార్పు చూస్తే గుర్తింపు వస్తుంది.

ఇలాంటి నిబంధన అవసరం లేదని అనలేం. పామాయిల్ దిగుమతి చేసుకుని వనస్పతిగా మార్చి భారత్‌కు పంపే ఫ్యాక్టరీలు ఈ ఒప్పందం తర్వాత శ్రీలంకలో వెలిశాయి. సుంకాల తేడా మీద నడిచిన వ్యాపారం అది. చివరికి మన ప్రభుత్వం కోటా పెట్టాల్సి వచ్చింది. కాబట్టి నిబంధన కఠినంగా ఉండటం తప్పని అనను. పలాస వంటి చోట్ల నిజంగా జరిగే పనిని లెక్కలోకి తీసుకునేలా సరుకు సరుకుకూ విడిగా రాయించుకోవచ్చు. ఈ మధ్య చేసుకున్న ఒప్పందాల్లో అలా సరుకుల వారీ నియమాలు రాస్తున్నారు కూడా. యు.ఎ.ఇ.తో 2022 మే 1న, ఆస్ట్రేలియాతో అదే ఏడాది డిసెంబరు 29న ఒప్పందాలు అమల్లోకి వచ్చాయి. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకమైంది. చర్చలు సాగేటప్పుడు కేంద్ర వాణిజ్య శాఖ పరిశ్రమల సంఘాల అభిప్రాయం తీసుకుంటుంది. పెద్ద పరిశ్రమలకు ఆ పని చూసుకోవడానికి జీతగాళ్లున్నారు. పలాస, కాశీబుగ్గ చిన్న బట్టీల వాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారన్నదే ప్రశ్న.

విజయనగరం నుంచి వచ్చినవాళ్లు జనపనార సంగతి అడుగుతారని తెలుసు. దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద బంగ్లాదేశ్ సరుకుకు సుంకం లేని దారి దొరికింది. అక్కడి గోనె సంచుల దెబ్బకు ఇక్కడి మిల్లులు తట్టుకోలేవన్న ఫిర్యాదుల మీద 2017 జనవరిలో భారత్ యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చౌకగా తెచ్చి పోసే విదేశీ సరుకు మీద వేసే అదనపు సుంకం వేసింది, 2022 చివర్లో పొడిగించింది. అయినా విజయనగరం, నెల్లిమర్ల, బొబ్బిలి వైపు మిల్లు గేట్ల దగ్గర కార్మికుల టెన్షన్ తీరలేదు. నార కోసం గోగు వేసే రైతులూ తగ్గిపోయారు. సుంకం ఒక్కటే మిల్లును బతికించదని దీనివల్ల తెలుస్తోంది. యంత్రాలు పాతబడ్డాయి, కరెంటు ఖర్చు పెరిగింది, నార దొరకడం కష్టమైంది. దీని మీద వేరే సభ పెట్టుకుందాం.

నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చింది ఆరోగ్యం గురించి.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఉద్దానం అని పిలిచే ఈ ఏడు మండలాల్లో చదువురాని ముసలమ్మను అడిగినా క్రియాటినిన్ అంటే, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్త పరీక్ష అంటే ఏమిటో చెబుతుంది. తన అంకె ఎంతో, కొడుకు అంకె ఎంతో చెబుతుంది. మామూలుగా కిడ్నీలు పాడవడానికి షుగరో, బీపీయో కారణమవుతాయి. ఇక్కడ అవి రెండూ లేని, పొలంలో కష్టపడే నడివయసు మనిషికి కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఆ తర్వాత డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు సూది గుచ్చించుకుని నాలుగేసి గంటలు మంచం మీద పడుకోవాలి. వెళ్లి వచ్చే ఒక రోజు కూలీ పోతుంది. తోడు వచ్చిన మనిషి కూలీ కూడా పోతుంది.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం కూడా అదే రోజు మొదలైంది. దశాబ్దాల పోరాటం ఫలితం ఇది. అయితే జబ్బుకు మూలం ఏమిటన్నది ఇంకా తేలలేదు. నీళ్లా, నేలలోని సిలికా లాంటి పదార్థాలా, పురుగు మందులా, మండుటెండలో నీళ్లు తాగకుండా చేసే పనా, ఒళ్లు నొప్పులకు మింగే మాత్రలా, లేక ఇవన్నీ కలిసా? ఒక్కో పరిశోధన ఒక్కో వైపు వేలు చూపిస్తోంది.

సరిగ్గా ఇదే బాధ శ్రీలంకది. 1990ల నుంచి అక్కడ ఉత్తర మధ్య రాష్ట్రంలో, అనూరాధపురం, పొలొన్నరువ ప్రాంతాల్లో ఇదే రకం జబ్బు. రోగులు చాలావరకు వరి రైతులు. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి అధ్యయనం చేయించారు. 2015లో గ్లైఫోసేట్ కలుపు మందును నిషేధించారు, తర్వాత ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఊరూరా ఆర్వో ప్లాంట్లు పెట్టారు. చైనా ఇచ్చిన గ్రాంటుతో పొలొన్నరువలో కిడ్నీ ఆసుపత్రి కట్టి 2021లో తెరిచారు. పెరాదెనియ విశ్వవిద్యాలయంలో నీటి పరిశోధనకు చైనాతో కలిసి కేంద్రం పెట్టారు. గమనించండి. శ్రీలంక తన మారుమూల జిల్లాల జబ్బును మరో దేశంతో మాట్లాడే బల్ల మీద పెట్టింది, ఆసుపత్రి తెచ్చుకుంది. ఉద్దానం జబ్బును మనం అలా బల్ల మీద పెట్టించలేమా?

బల్ల ఇప్పుడు సిద్ధంగానే ఉంది. 2025 ఏప్రిల్ 5న కొలంబోలో ప్రధాని పర్యటన సందర్భంగా భారత్, శ్రీలంక ఆరోగ్య శాఖల మధ్య వైద్య, ఆరోగ్య రంగాల్లో సహకారానికి అవగాహనా ఒప్పందం కుదిరింది. అవగాహనా ఒప్పందం అంటే కలిసి పని చేద్దామన్న మాట. కోర్టుకెళ్లి అమలు చేయించుకునే బలం దానికి ఉండదు. దాని కింద పని ప్రణాళిక రాసి, డబ్బు కేటాయించి, బాధ్యులను పెడితేనే కదులుతుంది. ఆ పని ప్రణాళికలో కారణం తెలియని కిడ్నీ జబ్బు మీద ఉమ్మడి పరిశోధన ఒక అంశంగా ఉండాలని నా విన్నపం.

ఎందుకు కలిసి చేయాలంటే, ఉద్దానం సముద్రం పక్కన ఇసుక నేల, కొబ్బరి, జీడి తోటలు. అనూరాధపురం సముద్రానికి దూరంగా చెరువుల కింద వరి పండించే నేల. రెండు చోట్లా ఉన్న కారణం ఏది, ఒక్కచోటే ఉన్నది ఏది అని పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని అనుమానాలు వాటంతట అవే తొలగిపోతాయి. ఒక్కచోటే తవ్వుకుంటూ కూర్చుంటే ఆ వీలుండదు. దానికి ముందు రెండు చోట్లా రోగిని ఒకే పద్ధతిలో గుర్తించాలి, రక్తం, మూత్రం, నీళ్లు ఒకే పద్ధతిలో పరీక్షించాలి. విదేశీ సంస్థలతో కలిసి చేసే వైద్య పరిశోధనకు మన ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం అండగా ఉంటే ఆ ఫైలు కదలడం సులువవుతుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం మొదటి నుంచీ ఇందులో ఉండాలి. సంతకం ఢిల్లీది, ఆసుపత్రి రాష్ట్రానిది, రోగి మనవాడు.

ఇలాంటివి కాగితాల మీదే ఉండిపోతాయని నిరాశ పడేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన మన 108 అంబులెన్సు పద్ధతే 2016లో సముద్రం దాటి శ్రీలంక వెళ్లింది. అక్కడ దాని నంబరు 1990, పేరు సువసెరియ. భారత్ ఇచ్చిన గ్రాంటుతో ముందు రెండు రాష్ట్రాల్లో 88 వాహనాలతో మొదలై, తర్వాత దేశమంతా విస్తరించింది. అక్కడి సిబ్బంది తొలి బృందాలు శిక్షణ పొందింది హైదరాబాద్‌లోనే. తెలుగు నేల మీద పుట్టిన పద్ధతి ఒకటి ఒప్పందం ద్వారా ఇంకో దేశంలో ప్రాణాలు కాపాడుతోంది. నాకు దీన్ని తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

సంస్కృతి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. భారత్, శ్రీలంకల మధ్య సాంస్కృతిక ఒప్పందం 1977 నవంబరు 29 నుంచి ఉంది. బౌద్ధ సంబంధాల కోసం ఒకటిన్నర కోట్ల డాలర్ల గ్రాంటును భారత్ 2020లో ప్రకటించింది. మనకేమో వంశధార ఒడ్డున బౌద్ధ క్షేత్రం శాలిహుండం ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో దాన్ని వెలుగులోకి తెచ్చారు. బౌద్ధ శిథిలాలున్న రామతీర్థం కొండలున్నాయి. సరుబుజ్జిలి దగ్గర దంతవరపుకోట ఉంది. కళింగ రాజధాని దంతపురం నుంచి బుద్ధుని దంతధాతువును హేమమాల, దంతకుమారుడు నాలుగో శతాబ్దంలో సింహళానికి తీసుకుపోయారని పాళీ గ్రంథాలు చెబుతాయి. శ్రీలంకలోని క్యాండీ దంత ఆలయం దలద మాలిగావలో ఇవాళ పూజలందుకుంటున్నది ఆ దంతమేనని వాళ్ల నమ్మకం. దంతపురం మనదేనా అన్న దాని మీద పండితులు ఒక మాట మీద లేరు. ఒడిశా, బెంగాల్ వైపు చోట్లు చూపేవారూ ఉన్నారు. అది తవ్వకాలు తేల్చాలి. ఆ తవ్వకాలకు రెండు దేశాల పురావస్తు నిపుణులను కలిపి రప్పించమని అడగడానికి 1977 ఒప్పందం చాలు. యాత్రికుల బస్సులు అవే వస్తాయి. భోగాపురం విమానాశ్రయం మీద మనకెంతో ఆశ ఉంది కదా, అక్కడ విదేశీ విమానం దిగాలన్నా ఆ దేశంతో ఉన్న విమాన సేవల ఒప్పందంలో ఆ చోటుకు అనుమతి ఉండాలి. అది కూడా ఇప్పుడే అడగాల్సిన సంగతి.

ఇక చేయాల్సిన పని. విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో మన దేశం చేసుకున్న ఒప్పందాలు చాలావరకు దొరుకుతాయి. కాలేజీ పిల్లలు వాటిని చదివి, మన జిల్లాలకు సంబంధించిన వాక్యాలు తెలుగులో రాసి పంచండి. కొలంబో ఆరోగ్య ఒప్పందం కింద పని ప్రణాళిక తయారైందా, అందులో కిడ్నీ జబ్బు ఉందా అని సమాచార హక్కు చట్టం కింద కేంద్ర ఆరోగ్య శాఖను అడుగుదాం. దరఖాస్తు ఫీజు పది రూపాయలు. అదే ప్రశ్న లోక్‌సభలో వేయమని మన ఎంపీలను కోరుదాం. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించి రాష్ట్ర ఆరోగ్య శాఖకు పంపిద్దాం. దరఖాస్తు ముసాయిదా బల్ల మీద ఉంది, చదివి మార్పులు చెప్పండి. డయాలసిస్ కేంద్రాల్లో పనిచేసేవాళ్లు, అక్కడికి మనిషిని తీసుకెళ్లేవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. ముందు మైకు వాళ్లకిద్దాం.