అదే రైతు, అదే బుర్ర, మార్కులు మాత్రం వేరు

"వాళ్ళకి ముందుచూపు లేదండి, అందుకే అలాగే ఉండిపోయారు." పేదవాళ్ళ గురించి ఈ మాట ఏ పెళ్ళిలోనో, రైల్లోనో మీరూ వినే ఉంటారు. నాకైతే విన్న ప్రతిసారీ కడుపు మండుతుంది. ఎందుకో చెప్తాను, ముందు ఒక చెరుకు తోట దగ్గరికి వెళ్దాం.

(స్క్రీన్ మీద: కోతకి వచ్చిన చెరుకు తోట)

చెరుకు రైతుకి డబ్బు నెలనెలా రాదు. ఏడాదికోసారి, తోట కొట్టి మిల్లుకి తోలాక వస్తుంది. కోతకి ముందు నెలల్లో చేతిలో ఏమీ ఆడదు, కోత అయ్యాక కాస్త ఊపిరి తీసుకుంటాడు. మనిషి మాత్రం అదే మనిషి. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఇంకో ఇద్దరు పరిశోధకులు దీన్నే పట్టుకున్నారు. తమిళనాడులో 464 మంది రైతులకి కోతకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష పెట్టారు. బొమ్మల వరుసలో ఖాళీ చోట ఏది రావాలో చెప్పాలి, అలాంటివి. కోతకి ముందు సగటున 4.35 కరెక్టు, తర్వాత 5.45. ఇది 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది.

ఎండల వల్లేమో, పనుల వల్లేమో అనుకుంటారు కదా. కానీ కోత తేదీ మిల్లు ఇస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కో సమయంలో, కాబట్టి ఆ ప్రభావాన్ని కూడా వేరు చేసి చూడగలిగారు.

నన్ను కదిలించిన అంకె ఇంకోటి ఉంది. కోతకి ముందు 78 శాతం మంది ఏదో ఒక వస్తువు తాకట్టు పెట్టి ఉన్నారు, కోత తర్వాత 4 శాతం. నగ తాకట్టులో ఉన్న మనిషి ముందు బొమ్మల కాగితం పెడితే కళ్ళు కాగితం మీదే ఉంటాయి, మనసు మాత్రం వడ్డీ లెక్క వేస్తుంటుంది.

అమెరికాలో జీతం ముందు, జీతం తర్వాత అని ఇలాగే చూస్తే బుర్ర పనితీరులో తేడా రాలేదు, 2016లో అచ్చయింది. నాకు అది ఆశ్చర్యం అనిపించలేదు, జీతం వచ్చేదాకా కొద్ది రోజుల ఇబ్బంది వేరు, పంట కోసం నెలల తరబడి ఎదురుచూడటం వేరు.

ఇక ఈ డబ్బు బెంగ మనిషికి దొరికే అవకాశాల దాకా ఎలా వెళ్తుందో నేను కళ్ళారా చూశాను. ఇంటర్ అయ్యాక ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టడానికి నేనూ నా ఫ్రెండూ నెట్ సెంటర్‌కి వెళ్ళాం. వాడి ర్యాంకు నాకంటే చాలా మంచిది. పక్క సిస్టమ్ దగ్గర ఒకబ్బాయి, వాళ్ళ నాన్న ముందే రాసి తెచ్చిన లిస్టు చూస్తూ వందకి పైగా కాలేజీలు నింపుతున్నాడు, నాన్న ఏ బ్రాంచికి ఎక్కడ ఉద్యోగాలొస్తాయో చెప్తున్నాడు. మావాడు తొమ్మిది పెట్టాడు. తొమ్మిదీ ఇంటి నుంచి బస్సు పాస్‌తో వెళ్ళొచ్చేవే. ఇంకా పెట్టరా, ఫీజు గవర్నమెంటు కడుతుందిగా అంటే, హాస్టల్ అడ్వాన్స్ ఎవరిస్తారు అన్నాడు. సేవ్ కొట్టేశాక స్క్రీన్ వైపు మళ్ళీ చూడలేదు, జేబులో చిల్లర తడుముకుంటూ "గంటకి ఎంతన్నా?" అని అడిగాడు.